సొంతం కాని కార్బన్

ఆగస్టు 3

తెలుగులో రాస్తే సంకేత్ చదవలేడు. ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు. చంద్రపూర్ మనిషి, మాట్లాడితే అర్థం చేసుకుంటాడు, అక్షరాలు మాత్రం జిలేబీల్లా కనిపిస్తాయట. నేను సిరొంచ బడిలో మరాఠీలో చదివాను, పూణేలో తారల మీద ఇంగ్లీషులో పీహెచ్‌డీ చేస్తున్నాను, కాన్పుకు పుట్టింటికి వచ్చాను. తెలుగు రాత ఎండాకాలం సెలవుల్లో అమ్మ పట్టుబట్టి నేర్పింది. అప్పుడు తిట్టుకున్నాను. ఇప్పుడు నా మొగుడు కూడా తొంగిచూడలేని చోటు ఒకటి దొరికింది. అమ్మ చదవగలదు కానీ ఆమె కళ్లద్దాలు ఆమెకెప్పుడూ దొరకవు.

బాబు పొద్దున మళ్లీ పాలపొడి కక్కాడు. నెల ముందే పుట్టినవాడు, చంద్రపూర్ దవాఖాన నుంచి తెచ్చినప్పుడు ఎంత ఉన్నాడో అంతే ఉన్నాడు. పిల్లి కూన నయం. నాకు పాలు ఇంకా సరిగా పడలేదు. రేపటికి పడతాయి.

మా గైడ్ మధులత మేడమ్ మెయిల్ పెట్టారు. మా పేపర్ చదివిన పరీక్షకుడు ఒకే ప్రశ్న అడిగాడట: టెక్నీషియం గీత నిజంగా ఉందా? ఉంది. నాకు కనిపిస్తోంది.

ఆగస్టు 4

ఈ రోజు పాలు కాస్త మెరుగు.

ఆగస్టు 5

మెరుగు లేదు. దవాఖాన సిస్టర్ ఇంటికి వచ్చి బాబును తూచింది. తగ్గాడు. ఆమె మొహం మామూలుగానే పెట్టుకుంది గానీ తూకం రెండోసారి చూసింది, నేను గమనించాను. పొడిపాలు వాడికి పడటం లేదు, తల్లిపాలే కావాలి, ఈ వారంలో బరువు పెరగకపోతే గడ్చిరోలి పెద్ద దవాఖానకు తీసుకుపోవాల్సిందే అంది. అల్లపల్లి అవతల వాగు రోడ్డు మీదికి వచ్చి బస్సులు ఆగిపోయాయి. ఇంత ప్రాణాన్ని ఆ గుంతల్లో, ఆ వానలో ఎట్లా తీసుకుపోతాం? ఇదంతా సిస్టర్‌కు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం తెలియనట్టు తలలు ఊపుకున్నాం.

మధ్యాహ్నం వాడు పడుకున్నాక లాప్‌టాప్ తెరిస్తే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏం చూస్తున్నవే గంత సేపు? గీతలే ఉన్నయి గద."

చెప్పాను. ఎప్పుడూ ఇంత బాగా చెప్పలేదు కాబట్టి రాసిపెట్టుకుంటున్నాను. మన పాలపుంత నడిబొడ్డున ముసలి తారలు గుంపుగా ఉన్నాయి. తార ముసలిదయ్యాక ఉబ్బి ఎర్రబడుతుంది. బాగా ముదిరిన కొన్నిట్లో లోపల వండిన కార్బన్ పైకి తేలుతుంది, అప్పుడు అవి ఇంకా ముదురు ఎరుపవుతాయి. నా దగ్గర ఉన్న ఆరు తారల్లో కార్బన్ నిండా ఉంది. కానీ అవి అంత ముదిరినవి కావు, వాటి వెలుగు చాలదు. అంత కార్బన్ ఎక్కడిది? అందరూ పక్క తార ఇచ్చిందంటారు. నేను, కాదు, వాటంతట అవే చేసుకున్నాయి అంటున్నాను. అదే నా పేపరు, నా థీసిస్‌లో సగం. దానికి రుజువు టెక్నీషియం అనే మూలకం, తార వెలుగును విడదీస్తే అది ఒక గీతగా కనిపిస్తుంది. కార్బన్ వండేటప్పుడే అదీ తయారవుతుంది, కానీ నిలవ ఉండదు, తార వయసుతో పోలిస్తే చిటికెలో కరిగిపోతుంది. ఆ గీత కనిపించిందంటే వంట ఈ ఇంట్లోనే, ఇప్పుడే జరిగినట్టు.

అమ్మ తెర మీదికి వంగింది. "అంటే పొయ్యి మీద చెయ్యి పెట్టి చూస్తున్నవు. పొయ్యి చల్లగుంటె కూర పక్కింటిది."

ఆరేళ్లుగా ఇది సెమినార్లలో చెబుతున్నాను, ఈ పొయ్యి నాకు తట్టలేదు. అమ్మ మీద ప్రేమ, కోపం ఒకేసారి వచ్చాయి.

పొయ్యి వెచ్చగానే ఉంది. ఆ గీత ఉంది.

ఆగస్టు 7

ఇది వివరంగా రాయాలి.

లింగక్క మా కొట్లో పప్పులు చెరుగుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె చాట చప్పుడు వింటూనే నిద్ర లేచాను. కొట్టు వెనక గల్లీలో ఇల్లు. కొడుకు విజయ్ ఆటో నడుపుతాడు. కోడలు రూప, వాళ్లకి నాలుగు నెలల ఆడపిల్ల అనిత.

పొద్దున బాబు ఏడుస్తుంటే లింగక్క చాట కింద పెట్టి వంటింటి గడప దాకా వచ్చింది. "అమ్మా, పిలగాడు గంత సన్నగ ఏడుస్తుండేంది? అది ఆకలి ఏడుపు." అమ్మ అంతా చెప్పి కళ్లు తుడుచుకుంది. లింగక్క గల్లీలోకి వెళ్లింది. కాసేపటికి రూపను వెంటబెట్టుకుని వచ్చింది.

నేను వద్దన్నాను. "రేపటికి నాకు వస్తయి లింగక్కా."

"వచ్చినప్పుడు నువ్వే ఇద్దువు బిడ్డా. రేపటిదాక వాడేం తాగాలె?"

 అమ్మ సిస్టర్‌కు ఫోన్ చేసింది. ఆమె రూప కాన్పు కార్డు తీసుకురమ్మని, పరీక్షలన్నీ చూసి, ఇంతకన్నా మంచి సంగతి ఏముంది, కానియ్యండి అంది. రూప మా మంచం మీద కూర్చుని ముందు తన పిల్లకు పట్టింది. "మా పిల్లది కానియ్యి అక్కా. లేకపోతె అలుగుతది, దీనికి మా అత్త కోపం వచ్చింది." లింగక్క వినీ విననట్టు గోడ చూసింది. తర్వాత రూప చేతులు చాపింది.

వాడు తాగాడు. గుటక గుటకకీ వాడి చెవి కదలడం నేను అంతకుముందు చూడలేదు. కక్కుతాడేమో అని అమ్మ గుడ్డ పట్టుకుని నిలబడింది. కక్కలేదు. తాగి, మొహం వదులు చేసి, నోరు తెరిచి పడుకున్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. రూప చెయ్యి పట్టుకుని, "రూపా, నీ రుణం..." అనబోయాను. లింగక్క వచ్చి నా నోటి మీద అరచెయ్యి పెట్టింది. కందిపప్పు పొట్టు వాసన.

"అనకు బిడ్డా. పాలకు బదులు ఉండద్దు. పిలగాడు బువ్వ ముట్టెదాక మీ ఇంటికెల్లి మా ఇంటికి గింజ రావద్దు, గుడ్డ రావద్దు. మంచి మాట గూడ అనద్దు. బదులు ముట్టిందంటె రొమ్ము ఎండుతది. మా అత్త నాటి నుంచి మా ఇంట్ల గిదే పట్టింపు."

"మరి నేనెట్ల ఊకుంట లింగక్కా?"

"నోరు మూసుకుని ఊకో."

అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాగితం మీద రాయొద్దని లింగక్క అనలేదు. రూపా, థాంక్స్. లింగక్కా, థాంక్స్. అనితా, నీ వాటాలోంచి ఇచ్చావు, నీకు ఇంకా ఎక్కువ.

ఆగస్టు 8

నా దగ్గర పీడకల చూసినట్టు ఏడ్చేవాడు రూపను చూడగానే నవ్వు మొహం పెట్టాడు, దొంగ. నేను లేచి వెళ్లి వరండాలో వాన చూశాను. వానలో చూసేదేమీ లేదు.

రూపకు అర్థమైంది. సాయంత్రం వచ్చినప్పుడు బాబును ముందు నా ఒళ్లో పెట్టింది. "ముందు నీ దగ్గర పట్టు అక్కా. వచ్చినా రాకున్నా పట్టు. కడుపు నిండకపోతె నాకియ్యి." రోజూ ఇట్లాగే చేయాలట. వాడు లాగుతాడు, నావైపు కొరకొరా చూస్తాడు, తర్వాత రూప దగ్గరికి పోతాడు. నేను ఎంగిలి పళ్లెంలా ఉన్నాను. అయినా పడుతున్నాను.

ఆగస్టు 11

పెరిగాడు. సిస్టర్ ఈసారి తూకం ఒక్కసారే చూసింది.

గడ్చిరోలి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే దిష్టి తగులుతుందని అమ్మ. పూణే నుంచి సంకేత్ ఫోన్‌లో ఏడ్చాడు, నాకు వినబడకుండా ఏడుస్తున్నాననుకుని. వాడికి రోడ్డు తెరుచుకోగానే రావాలని ఉంది. "రూప వహినీకి ఏం పట్టుకురాను?" అని అడిగాడు, వదినను వాడి మరాఠీలో వహినీ అంటారు. ఏమీ తేవద్దు, తెస్తే గుమ్మంలోనే ఆపేస్తాను అని చెప్పాను. విషయం వివరిస్తే, కనీసం మిఠాయి అయినా అన్నాడు. వాడిది కూడా వ్యాపారస్తుల ఇల్లే, పాపం.

ఈ మంచి బుద్ధి ఉన్న మనిషిని నాకిచ్చినందుకు కూడా ఎవరికో చెప్పుకోవాలి. ఇక్కడే చెప్పుకుంటున్నాను.

ఆగస్టు 14

బాపు సంగతి.

బాపు, అంటే మా నాన్న, దత్తయ్య సేటు. కిరాణా, విత్తనాలు. ఒక చేత్తో తీసుకుంటే రెండో చేత్తో ఇవ్వకుండా ఆయనకు అన్నం దిగదు. పక్కింటివాళ్లు పచ్చడి గిన్నె పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదు, కనీసం బెల్లం ముక్క పడాలి. అట్లాంటి మనిషికి లింగక్క పట్టింపు చెప్పేసరికి చొక్కా లోపల చీమ దూరినట్టయింది.

పైగా లింగక్క ఆ రోజు నుంచీ కొట్లో చాట ముట్టుకోవడం లేదు. "కూలి తీసుకుంటె అది గూడ బదులే అయితది సేటూ" అని చెప్పి, అంకిస ఊరి వైపు వరినాట్లకు పోతోంది. ఈ వయసులో బురదలో వంగి. బాపు అవమానపడి ఆమె చాట తనే పట్టుకుని పప్పు చెరిగాడు. సగం పప్పు నేల మీద పడింది. మిగతా సగంలో రాళ్లు ఉన్నాయని గిరాకీ తిరిగిచ్చింది.

నిన్న బియ్యం బస్తా ఒకటి వాళ్లింటికి పంపించాడు. పోయినంత వేగంగా వెనక్కి వచ్చింది. ఇవాళ చీర. అదీ వచ్చింది. రాత్రి భోజనం దగ్గర ముద్ద కలుపుతూ అన్నాడు: "మనిషి గిట్ల ఉంటదా? బరువు మోస్తున్నట్టుంది నాకు. జర దించుకోనియ్యదు."

"మోయండి" అంది అమ్మ. "నేను మోస్తలేనా?"

ఆగస్టు 16

బాబు నన్ను చూసి నవ్వాడు. గ్యాస్ వల్ల అంది అమ్మ. నాకు తెలుసు ఏది గ్యాసో.

ఆగస్టు 19

మేడమ్ ఫోన్. పిల్లవాడి గురించి అడిగి, ఆగి, అప్పుడు పని గురించి అడిగారు. ఆవిడ మర్యాద అది. "నందితా, ఆరింట్లో ఐదింటికి గీత లేదని నువ్వే రాశావు. ఆరోదానిలో ఉందంటున్నావు. నేను మళ్లీ చూశాను, నాకు గీత కాదు, కొలతలో నలుసే కనిపిస్తోంది. నీకేం కనిపిస్తోంది?"

నలుసు కాదు మేడమ్, సన్నగా ఉంది, ఉంది అన్నాను. వాదించాను. ఆవిడ వినిపించుకున్నారు. "సరే, నెమ్మదిగా చూడు. పిల్లవాడు ముఖ్యం" అన్నారు.

పాలు వస్తున్నాయా అని ఎవరన్నా అడిగితే, ఈ మధ్య అసలు రావట్లేదు అంటున్నాను. ఆశ పెట్టుకుని దిగాలు పడటం కంటే అది మేలు. వాడు నా దగ్గర ఎక్కువసేపు ఉంటున్నాడు, నిజమే. అలవాటు కొద్దీ అయి ఉంటుంది.

ఆగస్టు 23

నిన్న పొలాల అమాస. ఎడ్లకు రంగులు, గంటలు, బజారంతా పేడ. సాయంత్రం వాన ఆగి ఆకాశం కడిగినట్టు తేలింది. దీపాలు పెట్టే వేళ దాటగానే రూపను డాబా మీదికి తీసుకెళ్లాను. పిల్లలిద్దరినీ చాప మీద పడుకోబెట్టాం. ప్రాణహిత అవతల కాళేశ్వరం దీపాలు కనిపిస్తున్నాయి. దక్షిణం వైపు, ధనుస్సు రాశి ఉన్నచోట, పాలపుంత మందంగా కనిపించే దగ్గర వేలు పెట్టి చూపించాను.

"నా ఆరు తారలు అటే."

"యేడ? నాకు అన్నీ ఒక్క తీరే కొడుతున్నయి."

"కనబడవు. దూరం, నడుమ దుమ్ము. పెద్ద దూరదర్శిని కావాలె."

రూప నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "కనబడని చుక్కల కోసం గింత చదివినవా అక్కా? కనబడేటియి ఒడిసినయా?"

నాకూ నవ్వొచ్చింది. తర్వాత తను నిజంగానే అడిగింది కాబట్టి పొయ్యి కథ చెప్పాను. ఒక తార తన కార్బన్ పక్కదానికి పోసేయడం దాకా వచ్చాక ఆగి అడిగింది: "ఇచ్చిన చుక్క ఏమైతది?"

"పై పొరలన్నీ పోయి నడిమిది మాత్రం మిగులుతది. తెల్లగ, చిన్నగ. పక్కనే తిరుగుతుంటది గని ఎవలకూ కనబడదు. పుచ్చుకున్నదే పెద్దగ, ఎర్రగ కనబడతది."

"దానికి ఎరుకేనా, గది తనది కాదని?"

"చుక్కకు ఏం ఎరుక రూపా."

"మళ్ల ఇచ్చిందానికి ఏం రాదా?"

"వస్తది, చానా ఏండ్లకు. పుచ్చుకున్నది గూడ ముసలిదై ఉబ్బుతది. అప్పుడు దాని పైపొరలు జారి ఆ చిన్న చుక్క మీద పడతయి."

"బదులా?"

"కాదు. నిండితె పొర్లుతది, గంతే."

"అయితె మా అత్త ఒప్పుకుంటది" అంది రూప. పిల్లల మీద దోమలు వాలుతున్నాయని ఇద్దరం దిగిపోయాం.

రూపా, నువ్వు అడిగినంత సూటిగా నన్ను ఎవరూ ఏ సెమినార్లోనూ అడగలేదు. దీనికి కూడా థాంక్స్.

ఆగస్టు 26

రూప రాలేదు. ఒళ్లు కాలుతోందట, చలితో మంచం ఊగుతోందట. విజయ్ ఆటోలోనే దవాఖానకు తీసుకెళ్లాడు.

ఆగస్టు 27

మలేరియా. సిరొంచలో వానాకాలం ఇది కొత్త కాదు, కానీ రూపకు గట్టిగా పట్టింది. సెలైన్ ఎక్కిస్తున్నారు. భయం లేదన్నారు, మందు మొదలైంది. కానీ పాలు దాదాపు ఆగిపోయాయి. తిండి లేదు, ఒంట్లో నీళ్లు లేవు, ఎక్కడినుంచి వస్తాయి. బాబు పొద్దున నా దగ్గర తాగి పడుకున్నాడు. ఏం తాగాడో వాడికే తెలియాలి.

సాయంత్రం బాపు కొట్టు మూసి వచ్చి నా గదిలో నిలబడ్డాడు. ఎప్పుడూ నా గదిలోకి రాడు. చేతులు కట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

"నందూ, తప్పు చేసిన. మీ అమ్మ బాలింతవని నీకు చేసిన డింక లడ్డూలు ఉన్నయి గద, ఒక డబ్బ విజయ్ ఆటోల పెట్టిన. వారం అయింది. నీ ఒక్కనికే అని చెప్పిన వానికి, మీ ఇంట్ల చెప్పకు అని గూడ చెప్పిన. వాడు పిచ్చోడు, ఇంట్ల ఇచ్చిండు. రూప తిన్నది." కళ్లు నేల మీదే పెట్టుకున్నాడు. "బదులు ముట్టింది. గందుకే గిట్లయింది."

"బాపూ, మలేరియా దోమతోని వస్తది."

"నాకు తెల్వదా? ఎరుకే. గని డబ్బ పెట్టింది నేనే గద."

 సైన్సు అంతా చదివి, ఆయన పక్కన కూర్చుని మోకాలు నిమిరాను. అక్కడ రూప దవాఖాన మంచంలో, ఈ గల్లీలో పిల్లలిద్దరు. మళ్లీ గడ్చిరోలి రోడ్డు గుర్తొచ్చింది.

ఆగస్టు 28

పొద్దున బాపు లింగక్క ఇంటికి వెళ్లి నేరం ఒప్పుకున్నాడు. అమ్మ కూడా వెళ్లింది, ఆయన సగంలో తిరిగొస్తాడేమో అని. ఆ మాటలు అమ్మ నోటే విన్నాను.

లింగక్క అంతా విన్నదట. "సేటూ, దోమకు నీ లడ్డూల సంగతి ఎవలు చెప్పిన్రు?"

బాపు తల వంచుకునే ఉన్నాడట. అప్పుడు లింగక్క తడి చేతులు తుడుచుకుంటూ అన్నది అమ్మ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "ఎండేటియి పాలు గాదు సేటూ. నువ్వు ఒకటి పెడితె నేను ఒకటి చూస్త. రేపు నువ్వు తక్కువ పెట్టినవని నాకనిపిస్తది, నేను తక్కువ పట్టిన్నని నీకనిపిస్తది. గా నడుమ పిలగాడు ఎండుతడు. గందుకు పెట్టిన్రు మా పెద్దలు." తర్వాత డబ్బా కడిగి చేతికిచ్చిందట. ఖాళీ డబ్బా. బాపు జీవితంలో మొదటిసారి ఖాళీ డబ్బా పట్టుకుని బజార్లో నడిచాడు.

అది పొద్దున. మధ్యాహ్నం ఇంకో సంగతి.

అనిత నిన్నటి నుంచి ఏమీ తాగలేదు. సీసా పెడితే నాలుకతో తోసేస్తోంది, చెంచాతో పోస్తే ఉమ్ముతోంది. పుట్టినప్పటి నుంచి రొమ్ము తప్ప ఎరగని పిల్ల. గల్లీ అవతల నుంచి ఏడుపు వినిపిస్తూనే ఉంది. బలమైన ఏడుపు అది, ఎప్పుడూ. మధ్యాహ్నానికి సన్నబడింది. సన్నటి ఏడుపంటే ఏమిటో లింగక్క నాకు నేర్పింది.

నేను లేవబోతుండగానే ఆమె మా గడపలో ఉంది. పిల్ల భుజం మీద వేలాడుతోంది. లోపలికి రాలేదు. 

"ఇటు తే లింగక్కా."

కదల్లేదు. "బదులైతె వద్దు బిడ్డా."

మూడు వారాలుగా నాకున్న కోరిక అదొక్కటే. ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలి, బరువు దించుకోవాలి, బాపు లాగే. ఇప్పుడు ఇచ్చే చోటు గడపలోనే నిలబడి ఉంది. కానీ పిల్ల మొహం చూశాక ఆ కోరిక నాకు గుర్తే రాలేదు. కోపమొచ్చింది.

"బదులు ఎవలిస్తున్నరు? పిల్లకు ఆకలైతుంది. నా దగ్గర ఉన్నయో లేవో గూడ నాకు తెల్వదు. ఇటు తే ముందు."

ఇచ్చింది. అనిత నన్ను అనుమానంగా చూసి, వాసన చూసి, పట్టింది. అది లాగిన లాగుడు బాబు ఎప్పుడూ లాగలేదు. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత గుటక. ఇంకో గుటక. నేను నమ్మలేక లింగక్క వైపు చూశాను.

"ఎప్పటినుంచో ఉన్నయి నీకు" అంది లింగక్క, గడప మీద కూలబడి. "నీ కొడుకు చెంపలు చూస్తె నాకెరుకైంది. నువ్వే లేవు లేవు అనుకుంట తిరుగుతున్నవు."

వాడు లేచి ఏడిస్తే రెండో పక్కకు వాణ్ని పట్టాను. సరిపోయిందో లేదో తెలియదు. ఇద్దరూ పడుకున్నారు.

ఆగస్టు 29

ఇద్దరూ లాగుతున్నారు. వస్తోంది.

సెప్టెంబరు 1

రాయడానికి చేతులు ఖాళీ లేవు. నాకు ఆకలి, దేవుడా, ఎంత ఆకలి. అమ్మ జొన్నరొట్టె పెడుతుంటే తింటూనే ఉన్నాను. లింగక్క పొద్దున, సాయంత్రం పిల్లను దించి దవాఖానకు పోతుంది.  పిల్లను తీసుకునేటప్పుడు ఒక్కసారి నా మొహం చూస్తుంది. అంతే.

రూపకు జ్వరం దిగింది. జావ తాగుతోందట.

సెప్టెంబరు 3

ఇవాళ పిల్లలు పడుకున్నాక ఆరో తార తెరిచాను. అనుకోకుండా కాదు, కావాలనే తెరిచాను. గీత ఉందో లేదో అని కాకుండా, అక్కడ ఏముంది అని చూశాను. నలుసు ఉంది. పక్కన అట్లాంటి నలుసులు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని నేను ఇన్ని నెలలుగా చూడనే లేదు. నాకు కావాల్సిన చోట ఉన్నదాన్ని మాత్రమే చూశాను. పాలు లేనప్పుడు ఉన్నాయన్నాను, ఉన్నప్పుడు లేవన్నాను. ఈ కళ్లతోనే కదా తారలు కూడా చూసింది.

మేడమ్‌కు రాశాను: "ఆరింట్లోనూ గీత లేదు. పొయ్యి చల్లగా ఉంది. కార్బన్ వాటి సొంతం కాదు, పక్క తార ఇచ్చిందే. నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను." పొయ్యి అంటే ఏమిటో కింద వివరించాను, ఆ మాట మా అమ్మదని కూడా రాశాను.  థీసిస్‌లో సగం మళ్లీ రాయాలి.

గంటలో జవాబు. "మంచిది. ఇప్పుడు అసలు పని మొదలవుతుంది. ఇచ్చినవాళ్లు ఎక్కడున్నారో వెతుకు. ఆ ఆరింటి పక్కన కనిపించకుండా తిరుగుతున్న తెల్లటి వాటిని. వచ్చే ఏడు టెలిస్కోపు సమయం దానికోసం అడుగుదాం. మీ అమ్మగారికి నా నమస్కారం."

కోప్పడతారనుకున్నాను. ఈ మనిషి చేతిలో పడటం నా అదృష్టం. మేడమ్‌కు మాత్రం ఫోన్ చేసి థాంక్స్ నోటితోనే చెప్పాను. ఆవిడకు ఏ పట్టింపూ లేదు.

సెప్టెంబరు 7

రూప ఇంటికి వచ్చింది. సాయంత్రం మా ఇంటికి నడిచి వచ్చింది, గోడ పట్టుకుని. సగమైపోయింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. లింగక్క వెనకాలే ఉంది, పడితే పట్టుకునేంత దూరంలో.

అనిత నా ఒళ్లో తాగుతోంది. తల్లి గొంతు విని వదిలేసింది, చూసింది, నవ్వింది, మళ్లీ తాగడం మొదలుపెట్టింది. దీని తిండి యావ దీనిది. రూప నవ్వబోయి ఏడ్చేసింది. మంచం మీద నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. "అక్కా, నా పిల్లను నువ్వు..." అంది.

లింగక్క వంగి రూప నోటి మీద అరచెయ్యి పెట్టింది.

"అనకు."

రూప ఆ చేతి మీంచి నన్ను చూసింది. నేను రూపను చూశాను. నా నోటి మీద కూడా ఆ చెయ్యి పడిన రోజు తనకు గుర్తుంది, నాకూ గుర్తుంది. లింగక్క చెయ్యి తీసి, మా ఇద్దరికీ కనబడకుండా మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. "ఇగ మా నోరు గూడ కట్టువడ్డది" అని గోడతో అంది.

గడప అవతల బాపు నిలబడి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. లోపలికి చూసి కొట్లోకి వెళ్లిపోయాడు.

అంతలో బాబు లేచి ఏడ్చాడు. నా ఒళ్లో జాగా లేదు. రూప అడగకుండా వాణ్ని ఎత్తుకుంది. "ఉన్నయో లేవో అక్కా" అంది. పట్టి చూడు అన్నాను. వాడు కాసేపు లాగి, కొరకొరా చూసి, మళ్లీ లాగి, ఆగి, అప్పుడు వాడి చెవి కదిలింది.

 బయట వాన మళ్లీ మొదలైంది. పిల్లలిద్దరూ తాగుతున్నారు.